రోజు కూడా ఒక కోరస్సే: నిదానపు సినిమాలో జాజ్ చేసే పని

జాజ్ సంగీతంతో నడిచే సినిమా అనగానే చాలామంది కళ్ల ముందు ఒకే బొమ్మ కనిపిస్తుంది. రాత్రి, వాన, తడిసిన రోడ్డు మీద నియాన్ దీపాల వెలుగు, సిగరెట్ పొగ, ఎక్కడో దూరంగా సాక్సోఫోన్. ఆ బొమ్మ ఊరికే రాలేదు. 1950లలో అమెరికన్ నేర చిత్రాలు, వాటి వెంటే టీవీ డిటెక్టివ్ సీరియళ్లు జాజ్‌ని చీకటి వ్యవహారాలకు గుర్తుగా వాడీ వాడీ ప్రేక్షకుల చెవుల్లో ఆ లంకెను గట్టిగా బిగించేశాయి. సాక్సోఫోన్ వినపడితే చాలు, ఎవరో ఎవర్నో మోసం చేయబోతున్నారని ముందే తెలిసిపోయేది.

ఇంకో రకం సినిమా ఉంది. అందులో నేరం ఉండదు, ఛేజింగ్ ఉండదు, కథ అని చెప్పుకోవడానికి కూడా పెద్దగా ఏమీ ఉండదు. ఒకామె గిన్నెలు తోముతుంది, ఒకాయన పనికి వెళ్లి అలసిపోయి ఇంటికొస్తాడు, పిల్లలు ఖాళీ స్థలంలో ఒకరి మీద ఒకరు మట్టి చల్లుకుంటారు, కెమెరా వాళ్లను ఓపిగ్గా చూస్తూ ఉంటుంది, దాని మీద జాజ్ నడుస్తుంటుంది. ఇక్కడ సంగీతం మూడ్ కోసం పెట్టినట్టు పైకి కనిపించినా, అది చేసే అసలు పని కాలాన్ని కొలవడం. రోజూ చేసిందే చేయడానికి కూడా ఒక ఆకారం ఉంటుంది, మనం దాన్ని చూడం, ఈ సంగీతం దాన్ని వినిపిస్తుంది.

నిజానికి ఈ జత కుదరడమే ఆశ్చర్యం. సంగీతం స్వభావం ముందుకు లాగడం. ఒక స్వరం వినగానే చెవి తర్వాతి స్వరం కోసం ఎదురుచూస్తుంది. ల్యాగ్ ఉందని జనం తిట్టుకునే సినిమాలు, అంటే కావాలనే నిదానంగా తీసిన సినిమాలు, చేసేది దీనికి పూర్తిగా ఎదురు. అవి ఆపుతాయి, నిలబెడతాయి, ఇక్కడే కాసేపు ఉండమంటాయి. అందుకే ఈ తరహా దర్శకుల్లో చాలామంది నేపథ్య సంగీతాన్ని దగ్గరికి రానివ్వరు. షాంటాల్ ఆకర్‌మన్ 1975లో తీసిన ‘జాన్ డీల్మన్’ 201 నిమిషాల సినిమా. బ్రస్సెల్స్‌లో ఉండే ఒక వితంతువు జీవితంలో మూడు రోజులు, ఆమె వంట, ఆమె పక్కలు సర్దడం, బూట్లు తుడవడం, మెట్లు దిగడం. బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ లేదు. లైటు స్విచ్ చప్పుడు, కుళాయి నీళ్లు, మడమల చప్పుడు, అంతే. 2022లో ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక విమర్శకుల ఓటింగ్‌లో దీనికి మొదటి స్థానం వచ్చింది. రోజువారీ జీవితాన్ని నిజాయితీగా చూపించాలంటే సంగీతాన్ని పక్కన పెట్టాల్సిందే అనే వాదనకు ఇంతకంటే బలమైన సాక్ష్యం దొరకదు.

మరి జాజ్‌కి చోటెక్కడిది? జాజ్ కట్టుబడిలోకి కాస్త వెళ్తే తెలుస్తుంది. పాత జాజ్ పాటల్లో ఎక్కువ భాగం రెండు అచ్చుల్లో ఏదో ఒకదాని మీద ఉంటాయి. ఒకటి 12 బార్ల బ్లూస్, రెండోది 32 బార్ల పాట. బార్ అంటే తాళంలో ఒక గడి, ఒక్కో బార్‌లో మామూలుగా నాలుగు దెబ్బలు. 32 బార్ల పాటలో ఎనిమిదేసి బార్ల ముక్కలు నాలుగు, తరచుగా వాటిలో మూడు ఒకేలా ఉంటాయి, మూడో ముక్క మాత్రం వేరే దారి పట్టి వెనక్కి వస్తుంది. ఈ మొత్తం చుట్టుకు కోరస్ అని పేరు. మొదటి చుట్టులో అసలు పాట వాయిస్తారు, తర్వాతి చుట్ల నుంచి అదే కార్డ్‌ల (ఒకేసారి కలిపి మోగించే స్వరాల) వరుస మీద ఒక్కో వాద్యగాడు తన మనోధర్మం చూపిస్తాడు, చివరి చుట్టులో మళ్లీ అసలు పాట. కర్ణాటక సంగీతం వినే చెవికి ఇది కొత్తగా ఉండదు. పల్లవి ఒకటే, సంగతులు మారుతుంటాయి, తాళం చుట్టు తిరిగి మళ్లీ ఎత్తుగడ దగ్గరికి వస్తుంది.

ఇప్పుడు చిన్న లెక్క. నిమిషానికి 60 దెబ్బల నిదానపు నడకలో ఒక్కో దెబ్బ ఒక సెకను. 12 బార్ల బ్లూస్ ఒక చుట్టు 48 సెకన్లు. 32 బార్ల పాట ఒక చుట్టు 128 సెకన్లు, అంటే రెండు నిమిషాల ఎనిమిది సెకన్లు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 3,072 ఫ్రేములు. వేగంగా నడిచే నేటి సినిమాల్లో ఈ రెండు నిమిషాల్లో పాతిక ముప్పై కట్‌లు పడిపోతాయి. నిదానపు సినిమాలో ఇది ఒకే ఒక్క షాట్ నిడివి. కెమెరా కదలకుండా ఒక మనిషిని బట్టలు ఆరేస్తుండగా చూపిస్తే, ఆ షాట్ ఎక్కడ మొదలైంది, ఎంతసేపు ఉంటుంది, ఎప్పుడు అయిపోతుంది అనేది ప్రేక్షకుడికి తెలీదు. ఆ తెలియకపోవడమే విసుగుకు సగం కారణం. వెనకాల కోరస్ నడుస్తుంటే మాత్రం చెవికి ఒక పట్టు దొరుకుతుంది. ఇప్పుడు చుట్టు మధ్యలో ఉన్నాం, ఇప్పుడు మూడో ముక్కలోకి తిరిగాం, ఇదిగో ఇంటికొస్తున్నాం అని, సంగీత శాస్త్రం ఒక్క ముక్క తెలియనివాళ్లకు కూడా లోపల అర్థమవుతూనే ఉంటుంది. కథ ఇవ్వని మొదలూ తుదీ పాట ఇస్తుంది. అందుకే అదే షాట్ సంగీతం లేకుండా చూస్తే బరువుగా, కోరస్ మీద చూస్తే తేలిగ్గా అనిపిస్తుంది, నిడివి సెకను కూడా తగ్గకపోయినా.

రోజు కూడా ఇలాగే కట్టి ఉంటుంది. లేవడం, మొహం కడుక్కోవడం, పనికి వెళ్లడం, తిరిగి రావడం, తినడం, పడుకోవడం. ఈ వరుస మారదు, దాన్ని వాయించే తీరు మారుతుంది. ‘జాన్ డీల్మన్’లో సంగీతం లేకపోయినా ఆ సినిమా లోపలి నడక ఒక జాజ్ ప్రదర్శన లాంటిదే అంటే అతిశయోక్తి కాదు. మొదటి రోజు ఆమె పనుల వరుసను ఓపిగ్గా చూస్తాం, అది అసలు పాట. రెండో రోజు అదే వరుస మళ్లీ వస్తుంది, కానీ మధ్యాహ్నం బంగాళదుంపలు ఎక్కువ ఉడికిపోతాయి, ఆ గిన్నె చేత్తో పట్టుకుని ఏం చేయాలో తోచక ఆమె గదుల మధ్య తచ్చాడుతుంది. మొదటి రోజును అంత ఓపిగ్గా చూసి ఉండకపోతే ఈ దుంపల వల్ల ఏమీ జరిగినట్టు ఉండదు. చూసి ఉంటే గుండె ఝల్లుమంటుంది. మూడో రోజుకు వరుసే చెదిరిపోతుంది. అసలు పాట తెలిసినవాడికే సంగతి ఎక్కడ పడిందో తెలుస్తుంది కదా. రోజువారీ జీవితాన్ని తీసే దర్శకుడికి, జాజ్ వాద్యగాడికి కడుపులో ఉన్న ఆలోచన ఒకటే అని చెప్పడానికి ఇదొక్కటి చాలు.

జాజ్‌నీ బొమ్మనూ నిజంగా కలిపిన తొలి సందర్భాల్లో అందరూ చెప్పుకునేది పారిస్ కథ. 1957 డిసెంబరు 4 రాత్రి మైల్స్ డేవిస్ ఒక స్టూడియోలో ఫ్రెంచ్ దర్శకుడు లూయీ మాల్ సినిమా ‘ఎలివేటర్ టు ది గ్యాలోస్’ కోసం ట్రంపెట్ వాయించాడు. సాక్సోఫోన్ మీద బార్నీ విలెన్, పియానో మీద రెనే ఉర్త్రెజే, బేస్ మీద పియేర్ మిషెలో, డ్రమ్స్ మీద కెనీ క్లార్క్. సినిమా ముక్కలను తెర మీద మళ్లీ మళ్లీ తిప్పుతుంటే, వాటిని చూస్తూ, ముందే అనుకున్న కొద్దిపాటి కార్డ్ వరుసల మీద అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయారు. రాసిపెట్టుకున్న స్కోర్ లేదు. 1958లో సినిమా విడుదలైంది.

అది నేర చిత్రమే, ఆ మాట దాచాల్సిన పని లేదు. హత్య ఉంది, లిఫ్టులో ఇరుక్కుపోయిన హంతకుడు ఉన్నాడు. కానీ ఆ సినిమా పేరు చెప్పగానే గుర్తొచ్చేది హత్య కాదు, ప్రియుడి కోసం వెతుక్కుంటూ నటి జాన్ మొరో రాత్రిపూట పారిస్ వీధుల్లో నడవడం. కెమెరామన్ ఆన్రి దకే కెమెరాను పిల్లల తోపుడుబండిలో పెట్టి, షాపుల అద్దాల్లోంచి పడే వెలుతురుతోనే ఆమెను తీశాడు. ఆ సీన్లలో ఏమీ జరగదు. ఆమె నడుస్తుంది, ఆగుతుంది, చూస్తుంది, మళ్లీ నడుస్తుంది. ట్రంపెట్ ఆమె బాధను వర్ణించే పని పెట్టుకోలేదు. ఒక పొడవాటి స్వరం, తర్వాత ఖాళీ, మళ్లీ ఒక స్వరం. ఆమె అడుగు ఒక లెక్కలో, సంగీతం ఇంకో లెక్కలో పోతుంటాయి, రెండూ అప్పుడప్పుడు ఎదురుపడి మళ్లీ విడిపోతాయి. మామూలు సినిమాలో అయితే వయొలిన్‌లు ఆమెతో కలిసి ఏడ్చేవి. ఇక్కడ సంగీతం ఆమెను గమనిస్తూ పక్కన నడిచే ఇంకో మనిషిలా ఉంది. రోజువారీ జీవితం మీద సినిమా తీసేవాళ్లకు ఈ నేర చిత్రం ఇచ్చిన పెద్ద కానుక ఆ నడకే.

ఆ రాత్రి దాటి ఏడాదిన్నర తిరక్కముందే డేవిస్ న్యూయార్క్‌లో ‘కైండ్ ఆఫ్ బ్లూ’ రికార్డు చేశాడు, 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న, రెండే రోజుల్లో. జాజ్‌లో మోడల్ పద్ధతి, అంటే కార్డ్‌ల వెంట పోకుండా ఒకే స్కేలు (స్వరాల వరుస) మీద చాలాసేపు నిలిచి వాయించడం అనేదానికి ఆ రికార్డు ఒక గుర్తుగా నిలిచిపోయింది. అంతకుముందు బీబాప్ అనే వేగమైన జాజ్‌లో కార్డ్‌లు ఒక్కో బార్‌కి, కొన్నిసార్లు బార్‌లోనే రెండుసార్లు మారిపోయేవి, వాద్యగాడు వాటిని అందుకోవడానికి పరుగెత్తాల్సి వచ్చేది. ఇందులోని మొదటి పాట ‘సో వాట్’లో ఉన్నవి రెండే స్కేళ్లు. 32 బార్లలో 24 ఒక స్కేలు మీద, మూడో ముక్కగా వచ్చే 8 బార్లు దానికి అర స్వరం పైన. ఒక చుట్టు చివరి ఎనిమిది బార్లు, తర్వాతి చుట్టు మొదటి పదహారు కలుపుకుంటే ఇరవై నాలుగు బార్లు ఎక్కడికీ కదలకుండా ఒకే చోట. రాగాలాపనలో ఒకే రాగం నీడన కూర్చుని దాని మూలమూలలూ తడిమినట్టు. అదే రికార్డులో సాక్సోఫోన్ వాయించిన జాన్ కోల్ట్రేన్ తర్వాతి కాలంలో భారతీయ సంగీతం వైపు గాఢంగా మళ్లి, 1965లో పుట్టిన కొడుక్కి రవిశంకర్ పేరు మీద రవి అని పేరు పెట్టుకోవడం గుర్తు చేసుకుంటే ఈ పోలిక మరీ దూరం నుంచి తెచ్చింది కాదని తెలుస్తుంది.

కార్డ్‌లు తరచుగా మారుతున్నంతసేపూ చెవి ‘తర్వాత ఏంటి’ అనే అడుగుతుంటుంది. అవి మారడం మానేసిన తర్వాతే ఊపిరి, గొంతు, స్వరం చివర వణుకు వినపడతాయి. కదలని షాట్ కూడా కంటికి సరిగ్గా ఇదే చేస్తుంది. కథ మారడం ఆగిపోయాక గోడ మీద నీడ కదలడం, చొక్కా మోచేతి దగ్గర అరిగిపోవడం కనిపిస్తాయి. మోడల్ జాజ్, నిదానపు సినిమా ఒకదానికొకటి సరిపోయాయంటే దానికి మంచి గట్టి కారణమే ఉంది.

ఇంకో చిన్న విషయం, కానీ చూసేటప్పుడు చాలా పనికొచ్చే విషయం. లెస్టర్ యంగ్, డెక్స్టర్ గోర్డన్ లాంటి సాక్సోఫోన్ వాద్యగాళ్లు దెబ్బకు సరిగ్గా పడకుండా వెంట్రుకవాసి వెనక పడేవాళ్లు. డ్రమ్స్ తన దారిన పోతుంటే వాళ్లు ఒక్క క్షణం ఆలస్యంగా, తొందరేమీ లేనట్టు వచ్చి చేరేవాళ్లు. ఆలస్యం వల్ల తాళం తప్పదు, ఒంటికి బరువు వస్తుంది. మంచి నిదానపు సినిమాలో కట్ కూడా ఇలాగే పడుతుంది. మనిషి గదిలోంచి వెళ్లిపోతాడు, తలుపు మూసుకుంటుంది, మామూలు లెక్క ప్రకారం అక్కడ కట్ పడాలి, పడదు, ఖాళీ కుర్చీ మీద ఇంకో మూడు సెకన్లు ఆగి అప్పుడు పడుతుంది. గోర్డన్‌నే హీరోగా పెట్టి బెర్ట్రాండ్ తావెర్నియే 1986లో ‘రౌండ్ మిడ్‌నైట్’ తీసినప్పుడు, సంగీతాన్ని ముందే రికార్డు చేసి పెదాలు కదిలించే పద్ధతి వదిలేసి, సెట్‌లోనే వాయించేటప్పుడు రికార్డు చేశారు. గోర్డన్ మాట్లాడే తీరు కూడా అతని వాయింపులాగే వెనకపడి వస్తుంది. సినిమా మొత్తం అతని కోసం ఆగుతూ నడుస్తుంది.

రోజువారీ జీవితం, నల్లజాతి సంగీతం, నిదానం, ఈ మూడూ ఒకే చోట కుదిరిన సినిమా ఒక్కటే చెప్పమంటే చార్ల్స్ బర్నెట్ ‘కిల్లర్ ఆఫ్ షీప్’ చెప్పాలి. లాస్ ఏంజెలిస్‌లోని యూసీఎల్ఏ విశ్వవిద్యాలయంలో ఫిల్మ్ విద్యార్థిగా ఉంటూ, వాట్స్ అనే పేటలో, శని ఆదివారాల్లో, 16 ఎంఎం నలుపు తెలుపు ఫిల్మ్ మీద తీశాడు. రచన, కెమెరా, ఎడిటింగ్, నిర్మాణం అన్నీ తనే. ఖర్చు పది వేల డాలర్ల లోపే. స్టాన్ అనే మనిషి గొర్రెల కబేళాలో పనిచేస్తాడు, రాత్రిళ్లు నిద్ర పట్టదు, భార్యకు దగ్గర కాలేకపోతున్నాడు. అంతే. ఎవరూ గెలవరు, ఎవరూ పూర్తిగా ఓడిపోరు. స్నేహితుడితో కలిసి ఒక ఇంజిన్ కొని, మెట్ల మీద నుంచి నానా అవస్థ పడి దించి ట్రక్కు వెనక పెడితే, బండి కదలగానే అది కింద పడి పగిలిపోతుంది. వేడి టీ కప్పును చెంపకు ఆనించుకుని ఆ వెచ్చదనం గురించి స్టాన్ ఒక మాట అంటాడు. పిల్లలు ఒక ఇంటి కప్పు మీద నుంచి ఇంకో కప్పు మీదికి దూకుతారు, కింద నుంచి కెమెరా వాళ్లను ఆకాశం మీద చూస్తుంది.

ఈ సినిమా సంగీతం మొత్తం జాజ్ కాదు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1928 నాటి ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ ఉంది, గాయని డైనా వాషింగ్టన్ ఉంది, గాయకుడు పాల్ రోబ్సన్ ఉన్నాడు, బ్లూస్ ఉంది, సోల్ ఉంది. బర్నెట్ ఆఫ్రికన్ అమెరికన్ సంగీతాన్నంతా పేర్చి, ఆ పేటలో ఒక సాదా రోజు వెనక పరిచాడు. దానివల్ల ఏం జరిగిందంటే, మట్టిలో ఆడుకునే పిల్లల షాట్ ఒక్కసారిగా లోతెక్కింది. వాళ్ల వెనక ఎంత చరిత్ర ఉందో, వాళ్ల తాతముత్తాతలు ఏం దాటుకుని ఇక్కడికి చేరారో ఎవరూ డైలాగ్‌లో చెప్పరు, రోబ్సన్ గొంతు చెబుతుంది. ఇక్కడ పాట ఎవరి భావాన్నీ పట్టుకుని ఇదీ అని చూపించదు. చాలాసార్లు బొమ్మ, పాట వేర్వేరు మాటలు చెబుతుంటాయి, వాటి మధ్య సందులో ప్రేక్షకుడు నిలబడాల్సి వస్తుంది.

ఈ సినిమా చరిత్రలో ఒక బాధాకరమైన అధ్యాయం ఉంది, జాజ్‌తో సినిమా చేయాలనుకునే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సింది. బర్నెట్ దీన్ని తన థీసిస్‌గా 1977లో ఇచ్చాడు. అందులోని పాటల హక్కులు కొనలేదు, విద్యార్థి సినిమాకి ఆ స్తోమత ఎక్కడిది. ఒక రికార్డును సినిమాలో వాడాలంటే రెండు వేర్వేరు అనుమతులు కావాలి, పాట రాసినవాళ్ల వైపు నుంచి ఒకటి, ఆ రికార్డింగ్ ఎవరి సొత్తో వాళ్ల నుంచి ఇంకొకటి. 1981లో బెర్లిన్‌లో విమర్శకుల అవార్డు వచ్చినా, 1990లో అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేరినా, థియేటర్లలో మాత్రం విడుదల చేయలేకపోయారు. చివరికి పాటల హక్కులకే లక్షా యాభై వేల డాలర్లు పోసి 2007లో విడుదల చేశారు. అంటే సినిమా తీయడానికి అయినదానికి పదిహేను రెట్లకు పైనే. అప్పటికీ ఒక పాట దొరకలేదు. చివర్లో ఉండాల్సిన డైనా వాషింగ్టన్ ‘అన్‌ఫర్గెటబుల్’ స్థానంలో, అప్పటికే సినిమాలో ఒకసారి వచ్చిన ఆమెదే ‘దిస్ బిటర్ ఎర్త్’ను మళ్లీ వాడాల్సి వచ్చింది. ముప్పై ఏళ్లు ఒక గొప్ప సినిమా క్యాంపస్‌లలో, మ్యూజియంలలో తప్ప కనపడకుండా ఉండిపోయింది. పాత రికార్డుల మీద ఎంత ప్రేమ ఉన్నా, వాద్యకారులను పిలిచి కొత్తగా వాయించుకోవడం మేలని చెప్పడానికి ఇంతకంటే ఖరీదైన పాఠం లేదు.

కొత్తగా వాయించుకోవడం అనగానే అప్పటికప్పుడు అల్లుకోవడం మీద ఉన్న ఒక భ్రమ గురించి కూడా చెప్పుకోవాలి. జీవితానికి స్క్రిప్ట్ లేదు, జాజ్‌కి స్క్రిప్ట్ లేదు, కాబట్టి సినిమాకి కూడా అక్కర్లేదు అని కొందరు తేలిగ్గా అనేస్తారు. దీనికి అమెరికన్ దర్శకుడు జాన్ కసావెటీస్ సినిమా ‘షాడోస్’ని ఉదాహరణగా చూపిస్తారు, దాని చివర్లో ఇది ఇంప్రొవైజేషన్ అని అక్షరాలే పడతాయి మరి. కానీ 1958లో చూపించిన మొదటి రూపం కసావెటీస్‌కే నచ్చలేదు. 1959లో వచ్చిన రూపంలో పెద్ద భాగం స్క్రిప్ట్ రాసుకుని మళ్లీ తీసింది. సంగీతం కోసం పిలిచిన చార్ల్స్ మింగస్‌కు కూడా ఊరికే అల్లేయడం ఇష్టం లేదు, పద్ధతిగా రాసి ఇవ్వాలనుకున్నాడు, అది అనుకున్నంతగా పూర్తి కాలేదు, చివరికి సినిమాలో చాలాచోట్ల షఫీ హాదీ ఒంటరి సాక్సోఫోనే వినిపిస్తుంది. ఆ ఒంటరి సాక్సోఫోన్ బాగుంది, అది వేరే సంగతి. మనోధర్మం అంటే సాధన లేకపోవడం కాదని వేరే చెప్పక్కర్లేదు. నిదానపు సినిమాలో ‘ఊరికే కెమెరా పెట్టి వదిలేసినట్టు’ కనిపించే షాట్ వెనక కూడా ఎక్కడ నిలబడాలి, కిటికీ వెలుతురు ఎన్ని గంటలకు ఎటు పడుతుంది, ఎన్నో టేక్‌లో నటుడు నటించడం మానేస్తాడు అనే లెక్కలు బోలెడు ఉంటాయి.

ఇక తయారీ వైపు చూస్తే ఈ సినిమాలు నిలబడేదీ పడిపోయేదీ ఎడిటింగ్ టేబుల్ మీదే. అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు దెబ్బ మీద కట్ చేయడం. డ్రమ్స్‌లోని సింబల్ (కంచు పళ్లెం) మోగగానే షాట్ మారితే ఎంత గొప్ప దృశ్యమైనా అడ్వర్టైజ్‌మెంట్‌లా తయారవుతుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్యలో కట్ పడితే బొమ్మ తన కాలంలో, పాట తన కాలంలో ఉంటాయి. శబ్దం స్థాయి ఇంకో సమస్య. డ్రమ్స్ మీద తీగల బ్రష్‌లతో రాస్తే వచ్చే సర్రుమనే చప్పుడు చీపురుతో నేల ఊడుస్తున్నట్టు, పలచటి వాన పడుతున్నట్టు ఉంటుంది. గదిలోని అసలు శబ్దాలను సంగీతం కింద తొక్కేయకుండా సమంగా ఉంచితే ఏది చీపురో ఏది బ్రష్షో తెలియని స్థితి వస్తుంది, ఆ కలగలుపు కోసమే ఈ సినిమాలు చూడాలనిపిస్తుంది. పాట గదిలోని రేడియోలోంచి వస్తోందా, తెర బయట నుంచి వస్తోందా అనేది కూడా చిన్న తేడా కాదు. రేడియోలోంచి వస్తే ఆ మనిషి కూడా దాన్ని వింటున్నాడు, దాని మీద అతనికి అధికారం ఉంది, కట్టేయగలడు. విమ్ వెండర్స్ 2023లో తీసిన ‘పర్ఫెక్ట్ డేస్’లో టోక్యో పబ్లిక్ టాయిలెట్లు శుభ్రం చేసే హిరయామా తన వ్యాన్‌లో క్యాసెట్ పెట్టుకుంటేనే పాట వస్తుంది. ఎక్కువగా రాక్, సోల్ పాటలే. కానీ చివరి షాట్‌లో నీనా సిమోన్ ‘ఫీలింగ్ గుడ్’ పాడుతుంటే హిరయామాగా నటించిన కొజి యకుషో ముఖం నవ్వుకూ ఏడుపుకూ మధ్య ఊగుతూ ఉండిపోతుంది. అన్ని రోజుల పునరావృతం చూశాక గానీ ఆ ముఖాన్ని అంతసేపు చూసే హక్కు సినిమాకి రాదు.

నిదానపు సినిమాకి నిదానపు జాజే కావాలన్న రూలు కూడా లేదు. మైకేల్ స్నో 1964లో తీసిన ‘న్యూయార్క్ ఐ అండ్ ఇయర్ కంట్రోల్’లో సంగీతమే ముందు రికార్డయింది. ఆల్బర్ట్ ఐలర్, డాన్ చెరీ వగైరాల గుంపును పిలిచి, అసలు పాట వద్దు, విడిగా సోలోలు వద్దు, అందరూ కలిసి వాయించండని అడిగాడు. వచ్చింది ఉప్పెనలాంటి శబ్దం. తెర మీదేమో నడుస్తున్న స్త్రీ ఆకారంలో కత్తిరించిన అట్ట బొమ్మ, ఒకసారి నీళ్ల ఒడ్డున, ఒకసారి వీధిలో, కదలకుండా. వినేదీ చూసేదీ ఒకదాన్నొకటి పట్టించుకోవు, ఆ పట్టించుకోకపోవడం వల్ల రెండూ పదునెక్కుతాయి. అందరికీ నచ్చే సినిమా కాదు. కానీ నిమిషానికి 240 దెబ్బల వేగంలో, అంటే ఆరు ఫ్రేములకు ఒక దెబ్బ చొప్పున, డ్రమ్స్ మోగుతుంటే తెర మీద ఒక మనిషి ఊరికే కూర్చుని ఉండటం చూస్తే, ఆ కూర్చున్న మనిషి తలలో ఎంత పరుగు ఉందో అనిపించక మానదు.

విఫలమయ్యే సినిమాలూ తక్కువేమీ కాదు, అవి విఫలమయ్యే తీరు దాదాపు ఒకటే. జాజ్‌ని గోడకు వేసే రంగులా వాడేస్తారు. అందమైన వంటగది, ఆవిరి లేస్తున్న కప్పు, పక్కన మెత్తటి పియానో. దేన్నీ కదిలించని, ఎక్కడా గరుకు తగలని పియానో. అలాంటి చోట పని చేయడం ఒక ఫ్యాషన్‌లా కనిపిస్తుంది, చేసేవాళ్ల నడుం నొప్పి కనిపించదు. ఈ సంగీతం బానిసత్వం నుంచి బయటపడిన మనుషుల పిల్లలు, మనవలు కట్టుకున్నది, పని పాటల్లోంచి, చర్చి పాటల్లోంచి, బ్లూస్‌లోంచి పుట్టింది. అలసట దాని ఎముకల్లో ఉంది. ఆ అలసటను వడగట్టేసి అభిరుచికి గుర్తుగా మాత్రమే మిగిల్చుకుంటే, తెర మీది జీవితం కూడా అలాగే వడగట్టినట్టు పలచగా మారిపోతుంది. బర్నెట్ సినిమాలో పాటల మీద రికార్డు గీతల చప్పుడు వినిపిస్తుంది, ఇళ్ల గోడలు పెచ్చులూడి ఉంటాయి, రెండూ ఒకే ఇంటివి.

ఇలాంటి సినిమా మొదటిసారి చూసేవాళ్లకు పదిహేను ఇరవై నిమిషాలు కష్టంగానే ఉంటుంది, అది వాళ్ల తప్పు కాదు. కథ కోసం వెతకడం అలవాటైన కన్ను అంత త్వరగా వదలదు. అప్పుడు కంటిని వదిలేసి చెవిని బేస్ మీద పెట్టడం మంచి ఉపాయం. డబుల్ బేస్ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది, చుట్టు ఎక్కడుందో దానికే తెలుసు. దాన్ని పట్టుకుని రెండు చుట్లు తిరిగాక కన్ను కూడా దారికొస్తుంది.

‘కిల్లర్ ఆఫ్ షీప్’ మధ్యలో స్టాన్, అతని భార్య గదిలో డాన్స్ చేసే షాట్ ఒకటి ఉంది. వెనక కిటికీ, వెలుతురంతా దానిలోంచే, ఇద్దరూ సగం నీడలుగా కనపడతారు. ‘దిస్ బిటర్ ఎర్త్’ మొదలవుతుంది. కెమెరా కదలదు, కట్ పడదు, పాట నడిచినంతసేపూ ఒకే షాట్. అతని ఒంటి మీద చొక్కా లేదు, ఆమె చేతులు అతని వీపు మీద కదులుతుంటాయి, అతను పాదాలు మాత్రం మారుస్తుంటాడు, ఒళ్లు అక్కడ ఉంది గానీ మనిషి లేడు. ఆమె ఇంకాస్త దగ్గరికి జరుగుతుంది. పాట నడుస్తున్నంతసేపు అతన్ని పట్టుకుని ఉండటానికి ఆమెకొక కారణం ఉంది, పాట అయిపోతే అది కూడా ఉండదు, ఇది ఆమెకూ తెలుసు, చూస్తున్నవాళ్లకూ తెలుసు. చివరి స్వరం ఆగిపోతుంది. అతను ఆమె చేతుల్లోంచి విడిపించుకుని ఫ్రేములోంచి వెళ్లిపోతాడు. ఆమె కిటికీ వైపు తిరిగి దాన్ని పట్టుకుని నిలబడుతుంది, షాట్ ఇంకా అయిపోలేదు.